పాత అచ్చు రాజనీతి గ్రంథాన్ని నేటి పాఠకులకు తిరిగి అందించడం ఎలా?

తెలుగులో రాజనీతిని చెప్పిన గ్రంథాలు తక్కువేమీ కావు. బద్దెన నీతిశాస్త్రముక్తావళి ఉంది, మడికి సింగన సకలనీతిసమ్మతము ఉంది, ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసంలో యామునాచార్యుడు తన కుమారుడికి చేసిన ఉపదేశం ఉంది, పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక ఉంది. కానీ వీటి తొలినాటి ముద్రణలు నేడు పుస్తకాల దుకాణాల్లో దొరకవు. గ్రంథాలయాల బీరువాల్లో ముట్టుకుంటే విరిగే కాగితాలుగానో, అంతర్జాలంలో మసకబారిన స్కానులుగానో మాత్రమే మిగిలి ఉన్నాయి. అటువంటి ఒక పుస్తకాన్ని చేపట్టి, నేటి పాఠకుడు చదవగలిగే రూపంలో తిరిగి తీసుకురాదలచిన వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ప్రధానమైన ఉదాహరణగా సకలనీతిసమ్మతాన్ని తీసుకుంటాను. మిగిలిన గ్రంథాల ప్రసక్తి అవసరమైన చోట వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక నియమాన్ని మనసులో స్థిరపరచుకోవాలి. రాజనీతి గ్రంథమంటే సలహాల గ్రంథం. ఎవరిని నమ్మాలి, ఎవరి మీద నిఘా పెట్టాలి, ఎప్పుడు దండెత్తాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నవి అందులోని విషయాలు. ఇక్కడ ఒక్క అక్షరం తారుమారైనా సలహాయే తలకిందులవుతుంది. కనుక పాత పుస్తకంలో ఏముందో, మీరు ఏం మార్చారో పాఠకుడికి ఎప్పుడూ విడివిడిగా కనబడాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ నియమం నుంచి పుట్టినవే.

ఏ ముద్రణను ఆధారం చేసుకోవాలి

ముందుగా ఆ గ్రంథం ఎన్నిసార్లు అచ్చయిందో తెలుసుకోండి. సకలనీతిసమ్మతాన్ని మానవల్లి రామకృష్ణకవి 1923లో ప్రకటించారు. ఆ తరువాత 1970లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ దానిని మళ్లీ వెలువరించినప్పుడు రామకృష్ణకవి ముద్రణను ఉన్నది ఉన్నట్లుగా అందులో చేర్చింది. అంటే మీరు చేయబోయే పనిని ఒకసారి మన పెద్దలే చేసి చూపించారు. ఆ పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని, వారు ఏం చేశారో, ఏం వదిలిపెట్టారో పరిశీలించడం మంచి ఆరంభం.

ప్రతుల కోసం వెతికేటప్పుడు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల విచారించండి. బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు బార్నెట్ తయారుచేసిన పట్టిక 1912లో అచ్చయింది. పందొమ్మిదవ శతాబ్దపు ముద్రణల ఆనవాళ్లు పట్టుకోవడానికి అది ఇప్పటికీ ఉపయోగపడుతుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉన్నాయి. అయితే వాటిలో పేజీలు తప్పిపోవడం, ఒకే పేజీ రెండుసార్లు రావడం, అంచులు తెగిపోవడం సర్వసాధారణం కనుక, స్కాను దొరికిందని సంబరపడేలోగా మొదటి పుట నుంచి చివరి పుట దాకా పుటల సంఖ్యలను సరిచూసుకోవాలి.

ముఖపత్రాన్ని ఓపికగా చదవండి. పాత పుస్తకాల మీద సంవత్సరం కొన్నిసార్లు ప్రభవాది నామంతో మాత్రమే ఉంటుంది. రుధిరోద్గారి అని ఉంటే అది 1923-24 కావచ్చు, అరవై ఏళ్లు వెనక్కి వెళ్లి 1863-64 కూడా కావచ్చు. శక సంవత్సరం పక్కనే ఉంటే దానికి 78 కలిపి నిర్ధారించుకోవచ్చు. లేకపోతే ముద్రాక్షరశాల పేరు, అట్ట మీది వెల, వెనక పుటల్లో ఆ ప్రచురణకర్త ఇచ్చిన ఇతర పుస్తకాల జాబితా సాయపడతాయి. ఉగాది ఆంగ్ల సంవత్సరం మధ్యలో వస్తుందని మరిచిపోయి ఒక ఏడాది అటూ ఇటూగా వేయడం గ్రంథ పట్టికల్లో తరచుగా కనబడే పొరపాటు.

తొలి ముద్రణే ఉత్తమ పాఠం అనుకోవడానికి వీల్లేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం విషయంలో జరిగింది చూడండి. మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి చేరిన తాళపత్ర ప్రతిని పట్టుకుని శామశాస్త్రి 1909లో దానిని తొలిసారిగా అచ్చు వేశారు. ఆ తరువాత తిరువనంతపురంలో గణపతిశాస్త్రి 1924-25లో తన వ్యాఖ్యతో మరొక ముద్రణ తెచ్చారు, 1960లో కాంగ్లే మరిన్ని ప్రతులను పోల్చి పరిష్కృత పాఠాన్ని ఇచ్చారు. 1909 నాటి పుస్తకం చారిత్రకంగా అమూల్యమైనది. కానీ అర్థశాస్త్రంలో కౌటిల్యుడు ఏమన్నాడో తెలుసుకోగోరేవాడికి దానిని ఒంటరిగా చేతికివ్వడం న్యాయం కాదు. మీ గ్రంథానికి కూడా తరువాతి ముద్రణలు ఉంటే వాటిని పోల్చి చూడాలి, తేడాలను నమోదు చేయాలి.

నీతిచంద్రిక వంటి పుస్తకానికి సమస్య మరోరకంగా ఉంటుంది. అది తరాల తరబడి పాఠ్యపుస్తకంగా నడిచినందువల్ల లెక్కలేనన్ని ముద్రణలు వచ్చాయి, విద్యార్థుల సౌకర్యం కోసం చేసిన మార్పులు వాటిలో చేరిపోయాయి. అటువంటి చోట మీకు దొరికిన వాటిలో గ్రంథకర్త కాలానికి అతి దగ్గరి ముద్రణనే ఆధారంగా పెట్టుకోవడం క్షేమం.

హక్కులు

భారతీయ కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. రామకృష్ణకవి 1957లో కన్నుమూశారు గనుక ఆయన పరిష్కరణ మీద, పీఠిక మీద హక్కులు 2017 చివరితో తీరిపోయాయి. 1970 నాటి అకాడమీ ముద్రణలో కొత్తగా రాసిన పీఠిక సంగతి వేరు. ఏ లెక్కన చూసినా దాని గడువు ఇంకా ముగియలేదు. కాబట్టి మూలాన్ని నిస్సంకోచంగా తీసుకోవచ్చు, ఆ పీఠికను మాత్రం అనుమతి లేకుండా అచ్చు వేయకూడదు. అమెరికాలో ఉండి ఈ పని చేసే తెలుగువారు అక్కడి లెక్క వేరని గుర్తుంచుకోవాలి: పాత పుస్తకాలకు అక్కడ ప్రచురణ జరిగిన ఏడాది నుంచి 95 సంవత్సరాలు లెక్కిస్తారు.

ఫొటోలు తీయడం

మంచి స్కాను లేకపోతే మీరే తీయవలసి వస్తుంది. పుస్తకాన్ని బల్లపరుపుగా విప్పి అద్దం కింద నొక్కకండి, వెన్ను విరుగుతుంది. సగానికి కొంచెం ఎక్కువగా తెరిచి, రెండు పక్కలా మెత్తటి ఆసరా ఇచ్చి, కెమెరాను పుటకు సమాంతరంగా బిగించి తీయండి. చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరిన తరువాతే పుటలను ముట్టుకోండి. అంగుళానికి కనీసం 400 చుక్కల స్పష్టత ఉండేలా, రంగులలోనే తీయండి. పుస్తకం నలుపు తెలుపుల్లో ఉంది కదా అని చిత్రాన్ని కూడా నలుపు తెలుపుల్లోకి మార్చేస్తే, సిరా మరకకూ అక్షరం ముక్కకూ తేడా తెలుసుకునే ఆధారం పోతుంది. అసలు చిత్రాలను పుట సంఖ్య పేరుతో విడిగా భద్రపరచి, మార్పులన్నీ నకళ్ల మీదనే చేయండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. స్కానులను శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్లలో చిన్న మచ్చలను తానుగా తుడిచేసే సదుపాయం ఉంటుంది. తెలుగు పుస్తకం మీద దానిని వాడారంటే అరసున్నలు (ఁ) పోతాయి, ధ, భ, ఛ వంటి మహాప్రాణాల కింద ఉండే చిన్న గీతలు పోతాయి. భేదము కాస్తా బేదముగా, ధనము దనముగా తేలుతుంది. మచ్చలను తొలగించదలిస్తే మార్జిన్లలో మాత్రమే తొలగించండి. వరుసల మధ్య ఉన్న ప్రతి చుక్కనూ కంటితో చూసిన తరువాతే నిర్ణయం తీసుకోండి.

నకలు ముద్రణా, కొత్త కూర్పా?

పాత పుటలను ఉన్నవి ఉన్నట్లు అచ్చు వేయడం ఒక పద్ధతి, పాఠాన్ని మళ్లీ కంపోజ్ చేయించడం మరో పద్ధతి. పరిశోధకుడికి మొదటిది కావాలి, సామాన్య పాఠకుడికి రెండవది కావాలి. నా అభిప్రాయం అడిగితే రెండూ చేయాలంటాను: కాగితం మీద కొత్త కూర్పును అచ్చు వేయండి, పాత పుటల చిత్రాలను అంతర్జాలంలో ఉచితంగా పెట్టండి, కొత్త కూర్పు మార్జిన్‌లో పాత పుట సంఖ్యలను ఇవ్వండి. అప్పుడు ఏ పద్యం దగ్గర అనుమానం వచ్చినా పాఠకుడు క్షణాల్లో పాత పుటను తెరిచి చూసుకోగలడు. వందేళ్లుగా విమర్శకులు పాత పుట సంఖ్యలతో ఇచ్చిన ఉదాహరణలు కూడా వ్యర్థం కాకుండా ఉంటాయి.

అక్షరాలను ఎక్కించడం

పుట చిత్రంలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే గూగుల్ ఓసీఆర్, టెసెరాక్ట్ వంటి సాఫ్ట్‌వేర్లు పాత తెలుగు అచ్చును కొంతవరకు చదవగలవు. వాటిని తొలి చిత్తుప్రతి కోసం వాడుకోవచ్చు, తుది పాఠం కోసం వాటిని నమ్మరాదు. అవి అరసున్నను తరచూ వదిలేస్తాయి, శకటరేఫను (ఱ) మరేదో అక్షరంగా చదువుతాయి, వత్తులను పక్క అక్షరానికి తగిలిస్తాయి. అచ్చు బాగా అరిగిన పుటలను మొదటి నుంచి చేత్తో టైపు చేయించడమే తక్కువ శ్రమ.

టైపు చేసేవారు తప్పనిసరిగా యూనికోడ్‌నే వాడాలి. డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ 'అను' అనే యూనికోడేతర ఫాంట్లతో పని చేసేవారున్నారు. అక్కడ తయారైన పాఠం కాగితం మీద అందంగానే ఉంటుంది గానీ వెతకడానికి పనికిరాదు, అంతర్జాలంలో పెట్టాలంటే మార్పిడిలో అక్షరాలు చెదురుతాయి. పాత అచ్చులో కనబడే అక్షరాలన్నింటికీ యూనికోడ్‌లో చోటు ఉంది: అరసున్న (ఁ), శకటరేఫ (ఱ), దంత్య చజలు (ౘ, ౙ), అవగ్రహం (ఽ), తెలుగు అంకెలు. అరసున్న కోసం ఇంగ్లీషు సి అక్షరాన్నో, కుండలీకరణపు గుర్తునో వాడే అలవాటు అంతర్జాలంలో బాగా ప్రబలింది. ఆ పని ఎంతమాత్రం చేయవద్దు. చూడటానికి ఒకేలా ఉన్నా యంత్రం దృష్టిలో ఆ మాట రెండు ముక్కలవుతుంది.

వలపలగిలక మరొక చిక్కు. పాత ముద్రణల్లో ధర్మము అన్న మాట మ తరువాత తొమ్మిదో అంకెను పోలిన గుర్తుతో, ధమ౯ము అన్నట్లుగా కనబడుతుంది. దానిని ర్మ అని మామూలుగా టైపు చేయాలి. తొమ్మిదో అంకెను టైపు చేస్తే అది అంకెగానే ఉండిపోతుంది, ధర్మము కోసం వెతికేవాడికి ఆ పద్యం దొరకదు. ఈ గుర్తును మార్చినట్లు పీఠికలో ఒక్కసారి చెబితే చాలు, ప్రతిచోటా సూచిక ఇవ్వనక్కర్లేదు. రేఫ మీద వచ్చిన హల్లును ద్విత్వం చేసి కార్య్యము, ధర్మ్మము అని రాసిన చోట కూడా ఇదే పద్ధతి పాటించవచ్చు.

అరసున్నను, శకటరేఫను మాత్రం తీసివేయకండి. నేటి పాఠకుడికి అవి అడ్డుగా ఉంటాయని చాలామంది వాదిస్తారు. కానీ వాటితోనే అర్థం మారుతుంది: ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె. వాఁడు అంటే ఆ మనిషి, వాడు అంటే వాడిపోవడం. ఏఱు అంటే నది, ఏరు అంటే ఎంచి తీసుకోవడం. రాజుకు ఎన్నేళ్ల ధాన్యం నిల్వ ఉండాలో చెప్పే చోట ఇటువంటి భేదాలు చిన్నవి కావు. పైగా అవి ఉన్నంత మాత్రాన చదవడం ఆగిపోదు. రెండు పుటలు చదివేసరికి కన్ను అలవాటు పడుతుంది. వెతుకులాట కోసం డిజిటల్ ప్రతిలో అరసున్నలు లేని పదసూచికను విడిగా జతచేస్తే, వాడు అని టైపు చేసినవారికి వాఁడు ఉన్న పద్యాలు కూడా దొరుకుతాయి.

టైపింగు పూర్తయ్యాక, చదివి సరిచూసే పనికి దిగకముందే, పాత పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక ఉందేమో చూడండి. ఉంటే ఆ సవరణలను అన్నింటికంటే ముందు పాఠంలోకి ఎక్కించండి. అవి సంపాదకుడు తన చేత్తో చేసుకున్న దిద్దుబాట్లు. వాటిని పట్టించుకోని పునర్ముద్రణ ఆయన వద్దనుకున్న పాఠాన్నే మళ్లీ ప్రచారంలో పెడుతుంది.

ఛందస్సుతో సరిచూడడం

పద్యగ్రంథాలను పరిష్కరించేవారికి వచన గ్రంథాల వారికి లేని ఒక గొప్ప సాధనం ఉంది. మన నీతి గ్రంథాల్లో కందాలు విస్తారంగా ఉంటాయి. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు). మొదటి, మూడవ పాదాల్లో మూడేసి గణాలు కాబట్టి 12 మాత్రలు, రెండవ, నాల్గవ పాదాల్లో అయిదేసి గణాలు కాబట్టి 20 మాత్రలు ఉండి తీరాలి. ఒక్క మాత్ర తగ్గినా పెరిగినా ఎక్కడో అక్షరం తప్పిందన్నమాట.

ఇది ఎలా పనిచేస్తుందో చూడడానికి నేను కల్పించిన ఒక పాదాన్ని తీసుకోండి. పాత పుటలో "రాజుఁ గని మంత్రి పలికె" అన్నట్లు కనబడుతోంది, కానీ ఆ అరసున్న నిజంగా అరసున్నో, సగం అరిగిన నిండుసున్నో తెలియడం లేదు. మాత్రలు లెక్కించండి. రా రెండు, జుఁ ఒకటి, గ ఒకటి, ని ఒకటి, మం రెండు, త్రి, ప, లి, కె ఒక్కొక్కటి. మొత్తం 11 వచ్చాయి. అరసున్న మాత్రను పెంచదు, నిండుసున్న పెంచుతుంది. అక్కడ "రాజుం గని" అని నిండుసున్న పెడితే జుం గురువై లెక్క 12కు చేరుతుంది. గణాలు కూడా గగ, స, నల అని చక్కగా విడతాయి. పుటను ఎంత పెద్దది చేసి చూసినా తేలని సంగతి ఇలా అరనిమిషంలో తేలిపోతుంది.

ప్రాస కూడా ఇటువంటి సాక్ష్యమే ఇస్తుంది. నాలుగు పాదాల్లోనూ రెండవ అక్షరం ఒకే హల్లు కావాలి. పూర్వకవులు రేఫనూ శకటరేఫనూ ప్రాసలో కలపరు కనుక, మూడు పాదాల్లో ఱ స్పష్టంగా ఉండి నాలుగో దానిలో ర కనబడితే అచ్చుతప్పును అనుమానించాలి. యతి స్థానంలో, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోట, మ, య వంటి దగ్గరి పోలిక గల అక్షరాలు తారుమారైతే అదీ పట్టుబడుతుంది: పాదం మ తో మొదలై యతి చోట య కనబడితే, ఆ రెండింటికీ మైత్రి లేదు గనుక ఒకటి తప్పు. గణాలను విడదీసి యతిప్రాసలను చూపే ఛందం అనే ఉపకరణం అంతర్జాలంలో ఉంది. మొత్తం గ్రంథాన్ని దానిలో వేసి, తేడా చూపిన పద్యాలను మాత్రమే చేతితో పరిశీలిస్తే చాలా కాలం ఆదా అవుతుంది.

అయితే ఛందస్సు అన్నింటినీ పట్టుకోలేదు. చారులు, చోరులు అన్న మాటలను చూడండి. రెండింటిలోనూ గురువు ఒకటి, లఘువులు రెండు. ఆ మాట యతి స్థానంలో పడితే స్వరభేదం వల్ల తేడా పట్టుబడవచ్చు గానీ, మిగిలిన చోట్ల ఛందస్సు ఏమీ చెప్పదు. రాజనీతి గ్రంథంలో రెండు మాటలూ తరచుగానే వస్తాయి. అరిగిన అచ్చులో చా, చో లు కలిసిపోయిన చోట రాజు ధనమిచ్చి పోషించవలసిన వేగులవారు దండించవలసిన దొంగలైపోతారు. ఇటువంటి చోట్ల సందర్భమూ, ఆకరగ్రంథమూ (ఆ పద్యాన్ని తీసుకున్న మూలగ్రంథం) మాత్రమే దారి చూపుతాయి. కామందకం అనే నీతిగ్రంథం నుంచి వచ్చిన పద్యమైతే సంస్కృత శ్లోకాన్ని తెరవండి. సింగన సంకలనమైన సకలనీతిసమ్మతంలో బద్దెన పద్యం కనబడితే విడిగా అచ్చయిన నీతిశాస్త్రముక్తావళితో పోల్చండి.

ఆకరాల పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సింగన పూర్వ గ్రంథాల నుంచి పద్యాలను ఏరి కూర్చాడు. వాటిలో ముద్రామాత్యము వంటివి మనకు దక్కలేదు. వాటి గురించి తెలుస్తున్నదంతా ఈ సంకలనం వల్లనే. కనుక పద్యానికి సంబంధించిన ఆకరసూచనను కేవలం శీర్షికగా భావించి వదిలివేయడం, లేదా అందం కోసం పుట అడుగుకు జరపడం వల్ల ఒక లుప్త గ్రంథపు ఉనికే చెరిగిపోతుంది. ఏ పద్యం దగ్గర ఏ పేరు ఉందో ఆ పద్యం దగ్గరే ఉంచండి.

వచన గ్రంథానికి ఈ సౌలభ్యం లేదు. నీతిచంద్రిక వంటి దానికి ఇద్దరు కూర్చుని, ఒకరు పాత పుటను బిగ్గరగా చదువుతుంటే మరొకరు కొత్త పాఠాన్ని చూసే పాత ప్రెస్సుల పద్ధతినే పాటించండి. చదివేవారు అరసున్నలను, విరామాలను కూడా పలకాలి.

ఎంతవరకు మార్చవచ్చు?

పదాలను విడదీయడం అవసరమైన మార్పు. పాత పుస్తకాల్లో పద్యం పాదాలుగా విరగకుండా, మాటల మధ్య ఖాళీ లేకుండా పుట అంతా ఒకే ధారగా సాగుతుంది. నేటి పాఠకుడి కోసం ఏ పాదాన్ని ఆ పాదంగా వేయండి, అర్థం చెడకుండా ఖాళీలు ఇవ్వండి. కానీ సంధులను విడగొట్టి మూలంలో రాయకండి. విడగొడితే ఛందస్సు చెడుతుంది. పదవిభాగం ఇవ్వదలిస్తే పద్యం కింద చిన్న అక్షరాలతో విడిగా ఇవ్వండి. కొన్ని చోట్ల పదాన్ని ఎక్కడ విడదీయాలన్నదే వ్యాఖ్యానమవుతుంది గనుక, రెండు రకాలుగా విడగొట్టే అవకాశం ఉంటే రెండూ చూపండి.

తప్పని నిర్ధారణ అయిన అక్షరాన్ని సవరించినప్పుడు, పాత పాఠాన్ని అదే పుట అడుగున ఇవ్వాలి. నిర్ధారణ కాని చోట పాత పాఠాన్నే ఉంచి, మీ ఊహను అడుగున రాయాలి. అచ్చు పూర్తిగా చెదిరి చదవలేకపోయిన అక్షరాలకు చుక్కలు పెట్టండి. ఊహించి పూరించిన అక్షరాలను చదరపు కుండలీకరణాల్లో ఉంచండి.

నేటి విలువలకు సరిపడని పద్యాలను తొలగించాలన్న ఒత్తిడి మీ మీద తప్పక వస్తుంది. విషప్రయోగం, గూఢహత్య, స్త్రీల గురించి, కొన్ని కులాల గురించి చెప్పిన మాటలు ఈ గ్రంథాల్లో ఉన్నాయి. వాటిని తీసివేస్తే ఆ కాలపు రాజ్యం ఎలా ఆలోచించిందో తెలిపే సాక్ష్యమే పోతుంది. పూర్తిగా ఉంచండి; పీఠికలో ఆ కాలపు సందర్భాన్ని, వాటి మీద మీ అభిప్రాయాన్ని దాచుకోకుండా రాయండి.

అర్థవివరణ

నేటి పాఠకుడు కఠినమైన మాట దగ్గర ఆగి నిఘంటువు చూస్తాడు. తెలిసినట్లు అనిపించే మాట దగ్గర మాత్రం ఆగడు, అక్కడే పొరబడతాడు. రాజు పాటించవలసిన ఆరు గుణాలను తీసుకోండి: సంధి, విగ్రహం, యానం, ఆసనం, ద్వైధీభావం, సమాశ్రయం. ఇక్కడ విగ్రహమంటే యుద్ధం, యానమంటే దండెత్తి వెళ్లడం, ఆసనమంటే అదను కోసం కదలక వేచి ఉండడం. దండము ఒకచోట శిక్ష, మరొకచోట సైన్యం. అరి అన్న మాట సంస్కృతంలో శత్రువు, తెలుగులో కప్పం. ఒకే పుటలో రెండర్థాల్లోనూ రావచ్చు. పదకోశం తయారుచేసేటప్పుడు ఇటువంటి సులభంగా కనబడే మాటలకే మొదటి చోటు ఇవ్వండి. సప్తాంగాలు, చతురుపాయాలు, శక్తిత్రయం, పన్నెండుగురు రాజుల మండలం వంటి భావనలకు ఒక్కొక్క పేరా చొప్పున వివరణ రాసి గ్రంథం మొదట్లోనే పెడితే, ప్రతి పద్యం కింద అదే సంగతి తిరిగి చెప్పవలసిన పని ఉండదు. పద్యాలన్నింటికీ ప్రతిపదార్థం రాయడం మీ శక్తికి మించినదైతే, తాత్పర్యం రెండు మూడు వాక్యాల్లో ఇచ్చినా మేలే.

పుట కూర్పు, అచ్చు

నోటో సెరిఫ్ తెలుగు, రామరాజ, సూరన్న, శ్రీకృష్ణదేవరాయ వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు దొరుకుతాయి. ఎంచుకునే ముందు మీ గ్రంథంలోని అతి కఠినమైన సంయుక్తాక్షరాలను, ఁ, ఱ, ౘ, ఽ లను ఒక పుటలో టైపు చేసి అచ్చు తీసి చూడండి; కొన్ని ఫాంట్లలో అరసున్న మరీ సన్నగా ఉండి కాగితం మీద అదృశ్యమవుతుంది. తెలుగులో వత్తులు కిందికి, గుడులు పైకి వెళ్తాయి కనుక 12 పాయింట్ల అక్షరానికి వరుసల మధ్య 18 పాయింట్ల దాకా ఎడం ఉంటే కంటికి హాయిగా ఉంటుంది. సీసపాదం ఒక వరుసలో పట్టదు; ప్రతి పాదాన్నీ సగానికి విరిచి, రెండవ సగాన్ని కొంచెం లోపలికి జరపండి. పద్యం ఒక పుటలో మొదలై మరో పుటలో ముగియకుండా చూసుకోండి. పద్యసంఖ్యలు పాతవే ఉంచండి, తెలుగు అంకెల్లో ఉన్నవాటిని నేటి అంకెల్లోకి మార్చవచ్చు. పుట కూర్పుకు ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవారు భారతీయ లిపుల కోసం ఉద్దేశించిన కంపోజర్‌ను ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి.

డెమ్మీ 1/8 సైజు ఇటువంటి పుస్తకానికి సరిపోతుంది. పుటలు 16 చొప్పున ఫారాలుగా లెక్క కడతారు గనుక, చివర ఖాళీ పుటలు మిగిలితే పదసూచికకు వాడుకోండి. కాగితం తెల్లగా మెరిసేది కాకుండా కొంచెం లేతరంగుదై, ఆమ్లరహితమైనదైతే మంచిది. మనం ఆధారపడ్డ పాత ప్రతులు పెళుసెక్కింది వాటి కాగితంలోని ఆమ్లం వల్లే. బైండింగుకు జిగురు మాత్రమే కాకుండా కుట్టు వేయించండి. పద్యం పక్కన వ్యాఖ్య చూసుకుంటూ పదే పదే తెరిచే పుస్తకం కుట్టు లేకపోతే నిలవదు.

మన దేశంలో పుస్తకాల గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌ను రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చట్టంలో పేర్కొన్న మిగిలిన గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి పంపాలి. చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయం వాటిలో ఒకటి. దీనిని చాలామంది చిన్న ప్రచురణకర్తలు పట్టించుకోరు. పంపండి, వందేళ్ల తరువాత మీ ముద్రణ కోసం వెతికేవారు మొదట వెళ్లేది అక్కడికే.

పాఠాన్ని ఉచిత అంతర్జాల గ్రంథాలయమైన తెలుగు వికీసోర్సులో కూడా పెట్టాలని నా గట్టి సూచన. అక్కడ పాత పుట చిత్రమూ టైపు చేసిన పాఠమూ పక్కపక్కన ఉంటాయి. ఒకరు దిద్దిన పుటను మరొకరు సరిచూసి ఆమోదించే పద్ధతి ఉంది, ప్రతి మార్పూ ఎవరు ఎప్పుడు చేశారో నమోదవుతుంది. అచ్చుకు పంపే ముందే పెడితే ఎక్కడెక్కడి పాఠకులో మీకు తప్పులు పట్టి ఇస్తారు. కాగితం మీది పుస్తకం వెలువడిన తరువాత బయటపడిన తప్పులకు ఒక పట్టిక తయారుచేసి, తేదీ వేసి, అదే చోట ఉంచండి. మలి ముద్రణ వేసేవారు మీరైనా మరొకరైనా ముందుగా ఆ పట్టికనే తెరవాలి.